మామగారూ, మూడో అంకె

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తెనాలి నుంచి మా మరిది ఫోన్. "వదినా, నాన్న వెళ్ళిపోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే..." అన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే మనసులో ఒక మూల హమ్మయ్య అనుకున్నాను. మంచాన పడి నలుగురి చేతా చేయించుకోవలసి వస్తుందేమోనన్నదే మా మామగారి బెంగ. ఆ గండం తప్పింది. మామగారు పోతే హమ్మయ్య అనుకున్న కోడలని ఆడిపోసుకునేవాళ్ళు ఆడిపోసుకోండి. ఆయన వింటే నవ్వేవారు.

తెనాలిలో పంచాంగాలు అచ్చువేసే ఒక ప్రెస్సులో ఆయన ప్రూఫ్ రీడరు. రిటైరయ్యాక రెండుసార్లు మా దగ్గరికి, అరిజోనాలోని చాండ్లర్‌కి, వచ్చి ఆరేసి నెలలు ఉన్నారు. ఏ కాగితమైనా చివరి మాట నుంచి మొదటికి చదివేవారు. "ముందునుంచి చదివితే అర్థం అడ్డమొస్తుందమ్మాయ్, తప్పు కనపడదు" అనేవారు. ఇక్కడి తెలుగు సంఘం సావనీరంతా ఎర్ర పెన్సిలుతో దిద్ది, తీసుకెళ్ళి ప్రెసిడెంటుగారి చేతిలోనే పెట్టి వచ్చారు. ఆ తర్వాత రెండు పండగలకి మమ్మల్నెవరూ పిలవలేదు.

భూమి అడుగున నీళ్ళు ఎటు పారతాయో, ఏ బావిలో మట్టం ఎంత తగ్గుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మీద నేను పని చేసేదాన్ని. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చేతనైతే బాగు చేయవచ్చు. నాలుగు దేశాల్లో ఉన్న పదిమందిమి కలిసి దాన్ని నడిపేవాళ్ళం. ప్రతి రిలీజ్‌కీ చుక్కలు పెట్టి మూడు అంకెల నంబరు వేస్తాం. మొదటి రెండంకెలూ 1.9 దాకా వచ్చాక, తర్వాత ఏం వేయాలని ఒకసారి వారం రోజులు ఈమెయిళ్ళలో కొట్టుకున్నాం. 1.10 అంటే 1.9 కంటే చిన్నదనుకుంటారేమోనని కొందరి భయం. మామగారు చారన్నం తింటూ విని, "తొమ్మిదో అధ్యాయం తర్వాత పదో అధ్యాయం. దీనికి ఇంతమంది డాక్టరేట్లు కావాలా?" అన్నారు. ఆయనన్న మొదటి వాక్యం మాత్రం ఇంగ్లీషులో రాసి పంపాను. గొడవ చల్లారింది.

మూడు అంకెలకీ ఆయనే అర్థం చెప్పుకున్నారు. "మొదటిది కొత్త పుస్తకం. రెండోది కొత్త కూర్పు. మూడోది తప్పొప్పుల పట్టిక. అంతేనా?" అంతే. నేను అరగంట చెప్పినా మా మేనేజరుకి ఎక్కని సంగతి అది.

ఇంకొక్క ఫీచరు, ఇంకొక్క వారం అంటూ మా రిలీజ్ ఎప్పుడూ వాయిదా పడేది. "మీ ఉగాది ఎప్పుడమ్మా?" అని అడిగేవారు. అన్నీ అయ్యాక అంటే, "ఉగాది దాటాక వచ్చిన పంచాంగం పొట్లాలు కట్టుకోడానికే. అందని పేజీ వచ్చే ఏటికి" అనేవారు. విసుక్కున్నాను గానీ తేదీ పెట్టాను. మొదటిసారి నా చేతి మీదుగా, అనుకున్న రోజుకి, 1.10.0 విడుదలయింది.

తొమ్మిదో రోజు, శనివారం పొద్దున, నేను రాసిన భాగంలోనే తప్పు కనపడింది. బావి లోతు అడుగుల్లో ఇస్తే మీటర్లలోకి మార్చాలి. నా కోడ్ రెండుసార్లు మారుస్తోంది. నూరడుగుల బావి ముప్పై అడుగులైపోతోంది. నమ్మి తొలిసారి రిలీజ్ నా చేతికిచ్చారు. ఈ సంగతి తెలిస్తే ఇంకెప్పుడూ ఇవ్వరు.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని గబగబా దిద్దుతుంటే మామగారు వచ్చారు. "ఏమయిందమ్మాయ్, మొహం అలా ఉంది?" అన్నారు. చెప్పాను. "ఏం లేదు మామయ్యగారూ, సైట్‌లో పాత ఫైల్ తీసేసి, అదే నంబరుతో ఇది అప్‌లోడ్ చేసేస్తాను. ఎవరికీ తెలీదు."

"ఇప్పటికే తీసుకెళ్ళినవాళ్ళో?"

"వాళ్ళు మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది."

"తప్పుందని తెలీనివాడు మళ్ళీ ఎందుకు చేసుకుంటాడు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీకివన్నీ తెలీవు, వదిలేయండి" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఒక ఏడు పంచాంగం సగం అచ్చయ్యాక, ఒక తిథి ఘడియలు తప్పు పడ్డట్టు చూశా. నేను వదిలేసిన తప్పే. ఓనరు తిడతాడని మిషనాపించి, గుట్టుగా టైపు మార్పించా. అంతకుముందు అచ్చయినవి అలాగే ఊళ్ళకెళ్ళిపోయాయి. అట్ట ఒకటే, ఏడాది ఒకటే, లోపల లెక్కలు రెండు. ఒక ఊళ్ళో అన్నదమ్ములు, తండ్రి తద్దినం ఒకడు ఇవాళ పెడితే ఇంకొకడు రేపు పెట్టాడు. ఇద్దరికీ మాటలు పోయాయి. పెద్దవాడు రెండు పంచాంగాలూ పట్టుకుని ప్రెస్సుకొచ్చి, ఏది నిజమని అరిచాడు. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేదమ్మా. ముప్పై ఏళ్ళయింది."

లాప్‌టాప్ వైపు వేలు చూపించి అన్నారు. "బయటికెళ్ళిన నంబరు ఇంక మనది కాదు, తీసుకెళ్ళినవాడిది. దాన్ని ముట్టుకోకు. మూడో అంకె ఉందిగా, వాడుకో. అది మనలాంటి వాళ్ళ కోసమే."

ఆ మధ్యాహ్నమే 1.10.1 వెళ్ళింది. దానితో పాటు పంపిన నోట్‌లో మొదటి వాక్యమే తప్పు నాదని రాశాను. మామగారు చివరి నుంచి చదివి ఒక కామా కొట్టేశారు. సెండ్ నొక్కి, లాప్‌టాప్ మూసి, దేవుడి గదిలోకెళ్ళి కూర్చున్నాను. మా పదిమందిలో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. సోమవారం ఎక్కడో జార్జియా నుంచి ఒక స్టూడెంట్ ఈమెయిల్ వచ్చింది. వారం నుంచి తప్పు తనదేననుకుని లెక్కలన్నీ మూడుసార్లు తిరగేశాడట. బతికించారండీ అని రాశాడు. అది చదివి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అంత తేలికపడటం నాకు తెలిసి అదే మొదలు. తర్వాతి రిలీజ్ కూడా అడక్కుండానే నా చేతికొచ్చింది.

ఆ ఈమెయిల్ తెలుగులో చెప్తే మామగారు కళ్ళజోడు వెతుక్కున్నారు. రెండు తెల్లకాగితాలు అడిగారు. ప్రెస్సుకొచ్చి అరిచిన పెద్దాయన ఇంటిపేరూ, ఊరూ ఆయన మర్చిపోలేదు. ఆ తప్పు తనదేనని ఆయనకి రాసిన ఉత్తరం నేనే పోస్ట్ చేశాను. రోజూ మామగారు నడిచి వచ్చి పోస్టు డబ్బా తెరిచి చూసేవారు. ఏం జవాబొస్తుందోనని ఆయనకంటే నాకే ఎక్కువ గుబులుగా ఉండేది. నెల దాటాక వచ్చింది, వణికే చేతిరాతతో నాలుగు ముక్కలు.

"అయ్యా, మేం విడిపోయింది పొలం గట్టు దగ్గర. పంచాంగం మాకొక సాకు. తమ్ముడూ నేనూ మళ్ళీ ఒకటై ఇరవయ్యేళ్ళయింది. మీరింతకాలం దీన్ని మోశారా? పాపం."

"గట్టు గొడవటమ్మాయ్! గట్టు!" అని మామగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. అన్నం తిని, మంచం దాకా కూడా వెళ్ళకుండా, హాల్లో కార్పెట్ మీదే చేతులు బారచాపి పడుకున్నారు. ఆకులు ఊదే మిషను కిటికీ పక్కనే హోరెత్తిస్తున్నా కదల్లేదు. టీకి లేపుదామని వెళ్ళాను. లేపబుద్ధి కాక, కప్పుతో అలాగే గుమ్మంలో నిలబడిపోయాను.