చూరు చెక్క వీపు

మా వీధిలో వడ్రంగి మేస్త్రిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన వీపు మేస్త్రి. పెంకుల కింద, వాసాల కొసలు కనపడకుండా చూరు పొడవునా కొట్టే చెక్కలు మార్చడం ఆయన పని. చెక్క ముఖానికి ఎవడైనా రంగు వేస్తాడు, లోపలికి తిరిగి ఎవరికీ కనపడని వీపుకి రెండు పూతలు వేసేవాడే వడ్రంగి అనేవాడు. లేకపోతే చెక్క వెనక నుంచి తేమ తాగి లోలోపలే కుళ్ళుతుందట. ఈ సంగతి కనపడినవాడికల్లా చెప్పి బుర్ర తినేవాడు. మంగలి ముందు గడ్డం అప్పజెప్పి కూర్చున్నా ఇదే గోల. పోస్టాఫీసు కిటికీ వెనక ముప్పై ఏళ్ళు జనం సోది విన్నవాణ్ణి నేను. నాకే విసుగొచ్చేది.

పనికి మాత్రం వంక పెట్టలేం. మూడుసార్లు కొలిస్తే గానీ రంపం పట్టడు. ఆయన పైన ఉంటే కింద నిచ్చెన పట్టుకుని భార్య నిలబడుతుంది. ఏడేళ్ళుగా ఆమే. అంతకు ముందు ఆ చోట ఆమె తమ్ముడు ఉండేవాడు.

ఆ తమ్ముడి సంగతి చెప్పాలి. గొడవ మొదలైంది మా ఇంటి దగ్గరే. పదకొండేళ్ళ కిందట బావా బావమరిదీ కలిసి మా చూరుకి ఎనిమిది చెక్కలు కొట్టారు, చెరి నాలుగు. వాళ్ళకో పద్ధతి ఉంది. వీపుకి రంగు వేసి, అది ఆరాక, చెక్క పై అంచు మీద పెన్సిల్‌తో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టాలి. మేస్త్రిది సున్నా. బావమరిదిది రెండు గీతలు. దీని వీపుకి పూచీ నాది అని దానర్థం.

నాలుగేళ్ళు తిరిగేసరికి, వాన ఎక్కువగా కొట్టే మూల ఒక చెక్క ఊడి మా గుమ్మం ముందు పడింది. పై అంచు పొడిపొడి అయిపోయి గుర్తు కనపడలేదు. వీపుకి రంగన్నది లేదు. మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఇది నీ పనే. నీకెప్పుడూ తొందరే కదా!"

"కాదు బావా. నా నాలుగింటికీ వేశాను. అక్క మీద ఒట్టు."

"అయితే వేయంది నేనా? నేనా?"

ఎంత గట్టిగా అరిచాడంటే, వీధిలో అందరం ఆయన కాదనే అనుకున్నాం. వీపు మేస్త్రి వీపుకి రంగు వేయకపోవడమేమిటి! బావమరిది పని ఎగ్గొట్టే రకమని నేనూ నలుగురితో అన్నాను. ఆ మాట అలా అలా పాకి అతన్ని పనికి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. చివరికి ఊరవతల తలుపులు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. "వాడి గడప తొక్కితే మళ్ళీ నా గడప తొక్కక్కర్లేదు" అని మేస్త్రి భార్యతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. మర్నాటి నుంచి ఆమే వచ్చి నిచ్చెన పట్టుకుంది.

ఓసారి నాతో అంది. "నా తమ్ముడు అబద్ధం ఆడడు సార్. ఈయనా ఆడడు. ఇంక నేనెవరితో పోట్లాడను?"

ఈ ఏడాది వానలు వెలిశాక గుమ్మానికి అవతలి పక్క ఒక చెక్క మీద రంగు ఉబ్బింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే పిడిదాకా దిగిపోయింది. మేస్త్రికి కబురు పెట్టాను.

ఆయన నిచ్చెనెక్కి మేకులు పీకి, చెక్కని వెనక్కి తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే ఆగిపోయాడు.

"ఏమయ్యా, కందిరీగలా?" అని కింద నుంచి భార్య అడిగింది.

ఆయన చెక్కని ఆమెకి అందించకుండా తనే చంకలో పెట్టుకుని దిగి, గోడకి ఆనించి, మళ్ళీ ఎక్కి పక్క చెక్క పీకడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం మేస్త్రీ! ఒక్కటే మార్చమన్నాను కదా, ఇల్లు పీకి పందిరేస్తావా?"

"చూడాలి సార్. మళ్ళీ నేనే కొడతాను" అన్నాడు.

మధ్యాహ్నానికి చెక్కలన్నీ పెరట్లో బోర్లా పడుకున్నాయి. ఊడిపడినదాని బదులు తర్వాత వేసినదాన్ని పక్కన పెట్టాడు. మిగిలిన పాతవి ఏడు. రెండు గీతలవి నాలుగు, నాలుగింటి వీపునా రంగు చెక్కుచెదరలేదు. సున్నావి మూడు. రెండింటికి రంగుంది. కుళ్ళినదానికి లేదు. ఉలికీ బాడిసకీ తేడా తెలియని నాకు కూడా ఈ లెక్క తెలిసింది. బావమరిది నాలుగూ ఇక్కడే ఉన్నాయి. ఏడేళ్ళ కిందట పడిందీ మేస్త్రిదే.

భార్య నిచ్చెన వదిలి వచ్చింది. ఒక్కో అంచూ వేలితో తడిమింది.

"నాలుగూ ఉన్నాయి" అంది.

మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. "ఆ రోజు మబ్బు పట్టింది. తొందరలో పొద్దున్నే నా నాలుగింటికీ గుర్తు పెట్టేసుకున్నాను, రంగు తర్వాత వేద్దామని. రెండు వేశాక అన్నానికి లేచాను. తిరిగొచ్చి గుర్తులు చూసి, అన్నీ అయిపోయాయనుకున్నా."

"గుర్తు చూశావు. వీపు చూడలేదు." ఆమె గొంతు పెంచలేదు. "తమ్ముడి కూతురు ఇప్పుడు ఎంత ఎదిగిందో కూడా నాకు తెలీదయ్యా."

ఆ మాటకి నా ప్రాణం చివుక్కుమంది. కుళ్ళిన చెక్కని పైనే రెండు ముక్కలు చేసి పారేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేనైతే అదే చేసేవాణ్ణేమో.

"సార్, మీ ఫోనివ్వండి. నా నంబరు చూస్తే ఎత్తడు" అన్నాడు మేస్త్రి.

ఇచ్చాను.

"ఒరేయ్, నేను. పెట్టేయకు. పోస్టు సారు ఇంటి చెక్క... అది నాదిరా. వేయంది నేనే."

అవతల ఫ్యాక్టరీ యంత్రాల రొద నాకూ వినపడింది. ఆ రొదలోంచే అతను అక్క ఎక్కడుందని అడిగాడు.

"ఇక్కడే ఉంది. నిచ్చెన నేనే పట్టిస్తున్నా" అని ఫోన్ నా చేతిలో పెట్టి మేస్త్రి ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బావమరిది వచ్చాడు. చెంపలు నెరిశాయి. నాకు సిగ్గేసి, బాగున్నావా అని కూడా అడగలేకపోయాను. మేస్త్రి ఇంకా నిచ్చెన ఎక్కనే లేదు, అయినా అక్క అలవాటు కొద్దీ దాన్ని పట్టుకుని నిలబడి ఉంది. అతను బావ వైపు చూడకుండా నేరుగా వెళ్ళి ఆమె చేతుల్లోంచి నిచ్చెన తీసుకున్నాడు.

"నువ్వు కూర్చో అక్కా."

ఆమె మా అరుగు మీద కూర్చుని, మేమంతా ఉన్నామని కూడా చూడకుండా బావురుమంది.

మేస్త్రి కొత్త చెక్క ముందు వంగి ఉన్నాడు. వీపుకి రెండో పూత అయింది. ఏం చేయాలో తోచక పెన్సిల్ తీసి అంచు దగ్గర పెట్టాడు. బావమరిది వచ్చి చెక్క వీపు మీద వేలు ఆనించాడు. వేలికి రంగు అంటింది.

"ఆరలేదు బావా. గుర్తు అప్పుడే పెట్టకు. రేపు బిగిద్దాం."

మేస్త్రి తలూపి, పెన్సిల్ మళ్ళీ చెవి వెనక పెట్టుకున్నాడు.