స్ట్రాటిస్ అరుపులూ, బిల్లుల మిషనూ

స్ట్రాటిస్‌కి మెల్లగా మాట్లాడటం రాదు. గ్రీకు దీవిలోని ఆ ప్లొమారి రేవులో రెండు కూతలుండేవి. ఒకటి ఓడది, రెండోది ఆర్డరు తీసుకుంటున్న స్ట్రాటిస్‌ది. ఓడ కూతకైనా ఒక వేళంటూ ఉంటుంది. గోడలకి చెవులుంటాయంటారు గానీ, అతని హోటలు గోడలకి ఏనాడో చెవుడొచ్చి ఉంటుంది.

ఆర్డరు ఒక్కటే అరిస్తే ఊరు సర్దుకుపోయేది. దానికి తోడు తినేవాడి జాతకం కూడా అరిచేవాడు.

"జహారక్కా, కిటికీ పక్కన వడ్రంగి పనాయిస్ కూర్చున్నాడు. వేపుడు వద్దంట, ఉడికించిన ఆకుకూర పెట్టు. నిన్న డాక్టరు గడ్డి పెట్టాడంట."

"కాస్త మెల్లగా స్ట్రాటీ," అని వడ్రంగి బతిమాలేవాడు.

"మెల్లగా చెబితే వంటింట్లోకి ఎట్లా వినపడుద్ది? నీ కొలెస్ట్రాలేమన్నా దాచుకునే నగా?"

ఎదురు మేడల మీద బట్టలారేసుకునే ఆడవాళ్ళకి ఊరి సంగతులన్నీ అట్లాగే తెలిసేవి. ఉపవాసాల్లో మాంసం తిన్నదెవరో తెలుసుకోవడానికి చర్చి గురువుగారు గడప దాటనక్కర్లేదు. తలనొప్పని ఇంట్లో చెప్పి ఊజో సారా తాగడానికొచ్చిన మగడు రెండో గ్లాసు ఎత్తేలోపే, పెళ్ళాం గుమ్మంలో నిలబడేది.

వంటింట్లో ఉండేది జహారో. జహారో అంటే చక్కెర. ఆ పేరు పెట్టినవాళ్ళు బిడ్డకి మాటలొచ్చేదాకా ఆగాల్సింది. స్ట్రాటిస్ తల్లి హయాంలో ఆ పొయ్యి ముందుకొచ్చి, ఆమె పోయాక కూడా అక్కడే పాతుకుపోయిన మనిషి. ఆమె చుట్టిన ద్రాక్షాకు పొట్లాలు తినడానికి దీవి అవతలి ఒడ్డు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆమెకి ఒక బాధ, ఒక గుట్టు ఉన్నాయి. బాధ, స్ట్రాటిస్ అరుపులు. గుట్టు, అక్షరాలు. కొండ మీద ఆమె పుట్టిన ఊళ్ళో బడి ఉండేది. అందులోకి మేకలు కూడా వెళ్ళొచ్చాయి గానీ, జహారో వెళ్ళలేదు. ఎవరైనా కాగితం చాపితే మెడలో వేలాడే కళ్ళద్దాలు సవరించుకుని, "పొగకి కళ్ళు మండుతున్నాయి, నువ్వే చదివి తగలడు," అనేది. ఆ గుట్టు ఎవరికీ తెలియదని ఆమె ధీమా.

అట్లాంటి ఇంటికి ప్రభుత్వం వారి కబురొచ్చింది. ఇకమీదట ఆర్డరైనా బిల్లైనా, పన్నుల ఆఫీసుకి ఎప్పటికప్పుడు తెలిసేలా మిషను మీదే నడవాలి. పాత బిల్లుల డబ్బా చెల్లదు. వడ్డనా లెక్కలూ చూసుకునే మిర్సీని, స్ట్రాటిస్ అన్న కూతురు, ఆ సంగతి చెప్పింది.

"ఈస్టర్ లోపు పెట్టకపోతే తాళమేస్తారు బాబాయ్."

"ప్రభుత్వానికి చెప్పడానికి మిషనెందుకే? నేను అరిస్తే ఏథెన్స్‌కి వినపడదా?"

అయినా మిషన్లు అమ్మేవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

మొదటివాడు నల్ల సూటులో వచ్చాడు. మిర్సీని బల్ల దగ్గర తెర మీద వేలు పెట్టింది. వంటింటి గోడకి తగిలించిన చిన్న డబ్బా కిర్రుమని కాగితం కక్కింది. దాని మీద చీమల బారు. జహారో చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ కాగితం పొయ్యి దగ్గరికి వచ్చిన రోజే తన బతుకు బజార్న పడుతుంది. కాగితం నూనెలో పడుతుందని వంక పెడదామని ఆమె నోరు తెరిచేలోపే, గుమ్మంలోంచి స్ట్రాటిస్ అరిచాడు.

"పట్టుకుపో. మా అత్తగారు నిద్దట్లో పళ్ళు నూరినట్టే ఉంది. పోయిన మనిషిని మళ్ళీ నా వంటింట్లోకి తెచ్చుకోలేను."

రెండోది చప్పుడు చెయ్యనిది. గోడ మీద తెర, తెర నిండా అక్షరాలు.

"ఇవి ఆకుపచ్చగా ఉన్నాయేంటి? అది మా పగవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు రంగు."

"ఎరుపు చేస్తాను సార్, నిమిషం పని."

"పైకి ఎరుపు చేస్తావు. లోపల అది ఆకుపచ్చే అని నాకు తెలుసు కదా."

మూడోది మాట్లాడే మిషను. జహారోకి ప్రాణం లేచొచ్చింది. కానీ దాని గొంతు పెళ్ళిచూపుల్లో పిల్ల గొంతు. పొగ లాగే ఫ్యాను హోరులో, నూనె చిటపటల్లో అది ఏమందో దేవుడికే తెలియాలి. చేపలడిగితే వంకాయలు వేగాయి. స్ట్రాటిస్ వంగి దాన్ని బుజ్జగించాడు.

"అమ్మాయ్, కాస్త గొంతెత్తు. సిగ్గుపడితే హోటల్లో బతకలేవు."

అది ఎత్తలేదు. దాన్నీ పంపించేశాడు.

మిర్సీనికి ఒళ్ళు మండింది. "ఒక్కోదానికి ఒక్కో వంక. నీ పిచ్చికి మా అందరి నోటికాడ కూడు పోయేట్టుంది బాబాయ్. ఇంక నీతో పనిలేదు, ఆ మొదటిదే తెప్పిస్తున్నా."

జహారో అంతా విన్నది. చేతులు కడుక్కుంది, నడుముకున్న గుడ్డ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. సింహాసనం తనంతట తాను దిగుతున్న రాణిలా తలెత్తి చెప్పింది.

"మోకాళ్ళు మొరాయిస్తున్నాయి స్ట్రాటీ. వేరే మనిషిని చూసుకో."

స్ట్రాటిస్ నోరు తెరిచాడు. ఆ తెరవడం చూసి జహారో చెవులు మూసుకోబోయింది.

"రెండ్రోజులాగక్కా," అన్నాడు. మెల్లగా.

జహారో వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏంట్రా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఈ రెండ్రోజులూ ఒక్కటి కూడా మానకుండా అన్ని వంటలూ చెయ్యి."

వాడి ఆరోగ్యం కోసం ఆగుతున్నానని ఆమె తనకి తాను చెప్పుకుంది. ఆ రెండు రోజులూ స్ట్రాటిస్ ఫోను పట్టుకుని గిన్నెల చుట్టూ తిరిగాడు. కుర్చీ ఎక్కి ఫొటోలు తీశాడు, బల్ల కింద నుంచి తీశాడు. వేయించిన చేపతో "కదలకు" అన్నాడు.

ఆ తర్వాత దీవిలోని పెద్ద పట్నం మితిలినీ నుంచి ఒకావిడ నాలుగో మిషను తెచ్చి వంటింట్లో బిగించింది. మిర్సీని బయట వేలు పెట్టింది. లోపల తెర మీద వెనిగర్‌లో నానిన ఆక్టోపస్ బొమ్మ పడింది. తర్వాత పప్పుచారు గిన్నె. రెండు ప్లేట్లు కావాలంటే రెండు గిన్నెలు. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"ఇట్లాంటి గిరాకీని నేను చూళ్ళేదమ్మా," అంది మిషను తెచ్చినావిడ. "బొమ్మలొస్తాయా, చదవకుండా నడుస్తుందా, ఇదొక్కటే ప్రశ్న. నాకంటే ముందొచ్చిన వాళ్ళందర్నీ ఇదే అడిగాడంట. నన్నైతే రేవు చివరిదాకా నడిపించి, చెవిలో అడిగాడు."

"మా బాబాయా? చెవిలోనా?" మిర్సీని పడీ పడీ నవ్వింది. "చదవడానికి బద్ధకం ఆయనకి."

జహారో నవ్వలేదు. స్ట్రాటిస్ తల్లి ఉన్నప్పుడు ఆర్డర్లు ఆమే పొయ్యి దగ్గరికొచ్చి చెప్పేది. ఆమె పోయాక స్ట్రాటిస్ చీటీలు రాసి గోడ మేకుకి గుచ్చడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం జహారో అడ్డదిడ్డంగా ఊహించి, పసిబిడ్డ తల్లి జావ అడిగితే మిరపకాయల వేపుడు పంపింది. స్ట్రాటిస్ పల్లెత్తు మాట అనలేదు. మర్నాటికి గోడకి మేకు లేదు. చొక్కా చింపిందన్నాడు. ఆ పూట నుంచే అరుపులు. అంతకుముందు వాడి గొంతు వినాలంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేది. ఊరందరి గుట్టూ మేడలెక్కించిన ఆ నోరు, ఒక్కదాన్ని మాత్రం పెదవి దాటనివ్వలేదు.

కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం జహారోకి చేతకాదు. తిట్టడం వచ్చు.

"ఒరే స్ట్రాటీ, ఇటు రా. ఈ ఆక్టోపస్‌లో నీ బొటనవేలు పడింది. అది కూడా వడ్డించాలా?"

"వెనిగర్‌లో నానింది కదక్కా, మెత్తగానే ఉంటది."

"మూసాకా, పస్తీచో రెండూ ఒకే ఇటుకలా ఉన్నాయి. ఏది ఏదిరా?"

"మూసాకా మీద వంకాయ నిలబెట్టాను, పస్తీచో మీద మాకరోనీ పోశాను. కనపళ్ళేదా?"

"కనపడింది. సమాధి మీద పూలు పెట్టినట్టుంది."

మడతపెట్టిన గుడ్డ తీసి నడుముకి కట్టుకుంది. కాసేపు ఉల్లిపాయలు తరిగింది. తర్వాత గిన్నెతో మాట్లాడుతున్నట్టు అంది.

"బొమ్మల కింద పేర్లు కూడా రాయించు."

"బొమ్మలు చాలవా అక్కా?"

"నువ్వు తీసిన బొమ్మల్ని నమ్ముకుంటే ఊరు పస్తుంటది. పేరుంటే రోజూ కళ్ళబడుద్ది. చూసి చూసి ఏదో ఒకనాటికి అదే అలవాటవుద్ది."

స్ట్రాటిస్ బల్లల వైపు తిరిగాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచాడు. అందరూ గ్లాసులు గట్టిగా పట్టుకున్నారు. అతను నోరు మూసుకుని, బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ మిర్సీని దగ్గరికి వెళ్ళి, వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

హోటలంతా చెంచాలు ఆగిపోయాయి. గుమ్మం దగ్గరి ముసలి జాలరి లేచి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఎవరు పోయారు స్ట్రాటీ?" అని అడిగాడు.