కీబోర్డుకు పెట్టిన బొట్లు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు స్టూలెక్కి, అద్దం మూలకు అంటించి ఉన్న బొట్టుబిళ్ళను గోటితో గీకుతుంటే చూసి నాకు తెలియకుండానే కేక వేశాను. పసిది బెదిరిపోయి ఏడుపు అందుకుంది. ఏ తేలో కుట్టిందనుకుని వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏందత్తమ్మా, బొట్టుబిళ్ళకు గింత లొల్లా? నా డబ్బాల కొత్తయి మస్తున్నయి గద" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. మొగుడు పోయినదాని అద్దానికి బొట్టుబిళ్ళలేమిటని కాపురానికి వచ్చిన కొత్తలోనే అనుకుని ఉంటుంది, నోరు తెరిచి అడగలేదు, ఆ రోజు అడిగింది. తనకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. నాకు సంతకం వరకే చదువు కాబట్టి నేను చెబుతుంటే తనే పక్కన కూర్చుని రాస్తోంది. నా ఈడు వాళ్ళకు, మొగుడి పక్కన నిలబడి పని నేర్చుకున్న ఆడవాళ్ళకు, ఇది ఎక్కువ వివరం చెప్పకుండానే అర్థమవుతుంది.

మాది పాలమూరు వైపు. పట్నం వచ్చి, ఖాజాగూడలో రాళ్ళగుట్టల పక్కన రేకుల గది కిరాయికి తీసుకుని, అటు అద్దాల బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తుంటే చూస్తూ మేము ఇద్దరం ఒకే కంప్యూటర్ కంపెనీలో పనికి కుదిరాము. నేను పై అంతస్తుల్లో తడిగుడ్డ పెట్టేదాన్ని. మా ఆయన పదో తరగతి వరకు చదివాడు కాబట్టి కింద, కార్లు పెట్టే చోటు పక్కన ఉండే స్టోరులో కూర్చోబెట్టారు. ఫినాయిలు, మాపు కర్రలు, బల్బులు, చేతులు తుడుచుకునే కాగితాలు, కుర్చీల చక్రాలు, అన్నీ ఆ గదిలోంచే బిల్డింగంతా పోవాలి. కౌంటరు మీద ఒక పాత కంప్యూటరు ఉండేది, నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అన్నీ కీబోర్డుతోనే నొక్కాలి. ఎవరు ఏం తీసుకుపోయినా అందులో ఎక్కించాకే ఇవ్వాలి. మధ్యాహ్నం నేను టిఫిను డబ్బా పట్టుకుని కిందికి దిగితే ఆ ఫినాయిలు వాసనలోనే ఇద్దరం అన్నం తినేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, ఎవరైనా వింటే నవ్వుతారు.

తర్వాత ఆయనకు కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. ఆయనకు ప్రాణం మీద కంటే ఆ కౌంటరు మీదే ఫికరెక్కువ. తాను లేని రోజు ఇంకెవరినో కూర్చోబెడతారని, కూర్చున్నవాడు ఇక లేవడని బెంగ. అందుకని తన బదులు నన్ను కూర్చోనివ్వమని మేనేజరు సారును అడిగాడు. "ఆమెకు చదువే రాదు గదనయ్యా" అని సారు నవ్వాడట. "చదువు లేకుంటే ఏంది సార్, కండ్లున్నయి గద" అన్నాడట మా ఆయన.

చివరికి సారు సరేనన్నాడు. మర్నాడు స్టోరులో అన్నం తిన్నాక మా ఆయన నా సంచి వైపు చెయ్యి చాపాడు. "ఏమే, నీ బొట్టుబిళ్ళల అట్ట ఇటు తే."

"నీకెందుకయ్యా, సింగారించుకుంటవా?"

"నాకు గాదే, నా రెండో పెళ్ళానికి" అని కంప్యూటరు వైపు చూపించాడు.

కీబోర్డు పై వరుసలో ఒక బటను మీద ఎర్ర బొట్టు, ఇంకొకదాని మీద నల్లది, చివరన ఉన్నదాని మీద పచ్చది అంటించాడు. పండగకు పిల్లకు బొట్టు పెడుతున్నంత శ్రద్ధగా, నడుమ సరిగ్గా కుదిరేదాకా తీసి తీసి పెట్టాడు. "ఎర్రది నొక్కితే మొదలైతది. తప్పు కొడితే నల్లది. ఆఖరుకు పచ్చది నొక్కాలె, అప్పుడే మిషను దాచుకుంటది. పచ్చది నొక్కకుంటే నువ్వు పొద్దంత చేసింది గాలికి పోతది, యాది పెట్టుకో." ఏ సామానుకు ఏ అంకె కొట్టాలో అరల మీద సుద్దతో పెద్దగా రాశాడు. అంకెలు నాకు వచ్చు, బస్సు నంబర్లు చూసి నేర్చుకున్నాను.

మొదటి రోజు ఎర్రది గుర్తుంది, నల్లది గుర్తుంది, పచ్చది మరిచిపోయాను. సాయంత్రానికి మిషను కడుపులో ఏమీ లేదు. ఆయన దవాఖాన నుంచి వచ్చి, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరెవరికి ఏమిచ్చానో నన్ను అడుగుతూ ఒంటి చేత్తో మళ్ళీ అంతా ఎక్కించాడు. అప్పటి నుంచి దవాఖాన మంచం మీద నుంచి ఫోను చేస్తే తిన్నావా అని లేదు, ఉన్నావా అని లేదు, మొదటి మాటే "పచ్చది నొక్కినవా?" నాకు మండేది. ఆ మిషన్నే చేసుకోకపోయావా అని తిట్టేదాన్ని కూడా.

ఆఖరు దినాల్లో మాట తడబడుతున్నప్పుడు సైతం నా చెయ్యి పట్టుకుని అదే అడిగాడు. నొక్కిన అన్నాను. ఆ రోజు నేను పనికే పోలేదు, దవాఖానలో ఆయన మంచం పక్కనే ఉన్నాను.

పదో దినం ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని నా బొట్టు తీసేశారు, గాజులు తీసేశారు, సంచిలో ఉన్న బొట్టుబిళ్ళల అట్టను మా ఆడబిడ్డ తీసుకుపోయింది. అది లోక రీతి, ఎవరినీ తప్పు పట్టను. మళ్ళీ పనికి వెళ్ళి స్టోరు తాళం తీసి కౌంటరు ముందు కూర్చుంటే, ఎర్రది, నల్లది, పచ్చది, ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మేనేజరు సారు నన్ను ఆ కుర్చీలోనే ఉండమన్నాడు. నా వేళ్ళకు అవి అరిగిపోతాయేమోనని పైన పల్చటి టేపు అంటించుకున్నాను. పై అంతస్తులో నాతో పనిచేసిన ఆమె ఒకసారి చూసి "అక్కా, నీ కంప్యూటరు ముత్తైదువే పో" అని, అన్నాక నాలిక కరుచుకుంది. నాకు కోపం రాలేదు. నిజమే కదా అనిపించింది. పొద్దున వెళ్ళగానే ఆ కీబోర్డును కొంగుతో తుడిచి మొదలుపెట్టేదాన్ని.

అట్లా ఏళ్ళు గడిచాక, కంపెనీలో పాత పద్ధతులన్నీ తీసేస్తున్నారని కబురొచ్చింది. "ఇగ ఈ డబ్బా ఉండదమ్మా. అంత క్లౌడ్‌ల ఉంటది, బ్రౌజర్‌ల ఏడికెల్లైనా తెరువొచ్చు, ఫోన్ల గూడ" అని సారు సంతోషంగా చెప్పాడు. నాకు ఇంకేమీ వినపడలేదు, ఈ డబ్బా ఉండదన్న మాటే వినపడింది. కొత్తది తయారుచేసేందుకు ఒక ఇంజనీరమ్మ వచ్చింది, కాకినాడ వైపు పిల్ల. నా పక్కన స్టూలు వేసుకుని నేను ఏం నొక్కుతున్నానో కొన్నాళ్ళు చూసింది. "ఈ బొట్లేంటమ్మా, ఎవరు పెట్టారండి?" అని అడిగితే చెప్పాను. ఆ బొట్లను ఒకసారి వేలితో తాకి చూసి, "కొత్తదాంట్లో కూడా ఎర్రది, పచ్చది ఉంచుతానమ్మా. మీరేం బెంగ పెట్టుకోకండి" అంది. మాట నిలబెట్టుకుంది కూడా.

పాత మిషన్లు తీసుకుపోయే బండి వచ్చిన రోజున, ఆ కీబోర్డు ఒక్కటి నాకు ఇప్పించమని సారును అడిగాను. "కంపెనీ సామానమ్మా, గేటు దాటనియ్యరు. నీకు గావాలంటే బయట కొత్తది కొనిస్త తియ్" అన్నాడు. మంచివాడే, నేను దేనికడుగుతున్నానో ఆయనకు తెలియలేదు, నాకు చెప్పడం చేతకాలేదు. బండివాళ్ళు తీగలు చుట్టుకుంటుంటే నేను టేపు విప్పి బొట్లు ఒక్కొక్కటే గోటితో లేపాను. వేలి కొసన ఎర్ర బొట్టు. ఆడదాని చేతిలో బొట్టుబిళ్ళ ఉంటే చెయ్యి ఎటు పోతుంది? అలవాటుగా నుదుటి దాకా పోయింది. అక్కడ ఆగింది. తర్వాత మెడలో వేసుకున్న కంపెనీ కార్డు తిప్పి, దాని వెనక మూడూ అంటించుకున్నాను. గేటు దగ్గర సంచి వెతికారు, కార్డు వెనక ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి అద్దానికి పెట్టుకున్నాను.

కొత్త తెర మీద గుండ్రంగా ఎర్రది, గుండ్రంగా పచ్చది, ఆ పిల్ల చెప్పినట్టే పెట్టింది. అబద్ధమెందుకు, పని తేలికగానే ఉండేది. కానీ ఒక సోమవారం తెరిస్తే ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. అంతా బూడిదరంగు గళ్ళు, నిండా అక్షరాలు. కిందికి ఎవరూ దిగి రాలేదు, నన్ను ఎవరూ అడగలేదు. ఇంజనీరమ్మ అప్పటికే ఇంకో కంపెనీకి మారిపోయింది. కంప్యూటర్లు చూసేవాళ్ళకు ఫోను చేస్తే ఒక పిల్లగాడు "అది అప్‌డేట్ అమ్మా, పైకెల్లే వచ్చింది, మా చేతుల లేదు" అన్నాడు. పైకెల్లి అంటే ఎక్కడి నుంచో అతనికీ తెలిసినట్టు లేదు. సారు కొన్నాళ్ళు దగ్గర నిలబడి చూపించాడు, నాకు పట్టుబడలేదు. ఇంతలో ఎవరికి కావలసినవి వాళ్ళే ఫోనులో ఎక్కించుకుని తీసుకుపోవచ్చన్నారు. కౌంటరు ఎత్తేశారు. నేను మళ్ళీ పై అంతస్తులో అద్దాలు తుడిచే పనికి వెళ్ళాను, ఇప్పటికీ అదే చేస్తున్నాను.

కొత్తది చెడ్డదని నేను అనను. నా కొడుకు క్యాబు నడిపేది ఆ ఫోను మీదే, మాకు అన్నం పెట్టేదీ అదే. కానీ పాత మిషనుకు ఒక చోటుండేది, ఒక గదుండేది, చదువు రాని పెళ్ళాం కోసం ఒక మనిషి దాని మీద గుర్తు పెడితే ఏళ్ళ తరబడి ఆ గుర్తు అక్కడే నిలిచేది. ఇప్పటిదానికి చోటేదో నాకు తెలియదు. ఎక్కడ అంటించాలి, అంటించినా రేపు పొద్దున ఆ బటను అక్కడ ఉంటుందని ఎవరు చెప్పగలరు?

అద్దం మీది నల్లది గమ్ము ఎండి కిందటి ఎండాకాలమే రాలిపోయింది. ఎర్రదాన్ని మొన్న పసిది సగం గీకేసింది, పాపం, దాని నుదుటికి కోడలు కొత్తది పెట్టాక గానీ ఏడుపు ఆపలేదు. ఇక నిండుగా పచ్చది ఒక్కటే ఉంది. పొద్దున అద్దం తుడిచినప్పుడల్లా అది ఊడిపోకుండా బొటనవేలితో కాసేపు అదిమి పట్టుకుంటాను. అప్పుడు ఆయన అడిగినట్టే ఉంటుంది. నొక్కిన అంటాను.