నేను కాపీలో ఎక్కించని గుడిసెలు

కాలువ నీళ్లతో ఎవరికీ కామెర్లు రావడం లేదని పట్నం పెద్దలు కాగితం మీద రాశారు. అది అబద్ధం. ఆ అబద్ధానికి ఆధారం నా చేతిరాత.

మొన్న బోధన్‌లో చెరుకు లారీ ఒకటి పక్కనుంచి పోయింది. కోసిన గడల పచ్చివాసన ముక్కుకు తగలగానే డాక్టర్ సాబ్ గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. అరవైల్లో కోటగిరి దారిలో ఆయనది రెండు గదుల దవాఖానా. నేను కాంపౌండర్‌ని. బడిలో చదివింది మూడో తరగతే. మిగతా చదువంతా మందులు పొట్లాలు కట్టే పాత కాగితాలు చదివి నేర్చుకున్నదే. అది తెలిసే రోగుల రిజిస్టర్ నా చేతికిచ్చారు. నాడి పట్టకముందే ఆయన అడిగే మాట ఒకటుండేది: "ఏ నీళ్లు తాగుతున్నరు?"

"రోగం కండ్లల్ల ఉంటే నీళ్ల ముచ్చటేంది సారూ?" అని ఒక ముసలమ్మ దెప్పింది.

"నీ కండ్లు నాకు కనవడుతున్నయి గని, నీ బిందె కనవడ్తలేదవ్వా," అన్నారాయన. దవాఖానా అంతా నవ్వింది. ఆమె జవాబు మాత్రం రిజిస్టర్లోకి ఎక్కింది.

ఆదివారాలు సైకిళ్ల మీద కాలువ గట్టుకు పోయేవాళ్లం. మరాఠీ వైపు నుంచి చెరుకు కోతకు వచ్చినవాళ్ల గుడిసెలు అక్కడే. వాళ్లు తాగేది కాలువ నీళ్లే, కామెర్లు ఎక్కువ వాళ్లకే. ఆడవాళ్లు మగని పేరు నోటితో అనరు. పక్క గుడిసె ఆమె చెబితే రాసుకోవాలి. నాకు విసుగు పుట్టేది.

"వీళ్లు మన ఊరోళ్లు కాదు సాబ్. కోత అయిపోంగనే పోతరు. రాస్తే ఏం ఫాయిదా?"

"పోయేటోళ్లకు పానం ఉండదా నర్సయ్యా? రాయి."

రాశాను. రెండు కోతకాలాలు రాశాను.

చిన్న దవాఖానాల్లో రాసిపెట్టిన రోగాల వివరాలు కావాలని పట్నం ఆరోగ్య శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. జబ్బు నీళ్లదేనని తేలితే గుడిసెల దగ్గర చేతిపంపు వేయిస్తామన్నారు. ఫారంలో పేరు, ఊరు, ఇంటి నంబరు అని గడులున్నాయి. గుడిసెకు నంబరెక్కడిది? ఖాళీ గడి చూసి చదువుకున్నవాళ్లు నన్ను ఎగతాళి చేస్తారనుకున్నాను. నంబరున్నవాళ్లనే ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, గుడిసెలవాళ్లందరినీ వదిలేశాను. ఆ రోజు రోగుల రద్దీ. "నీ రాత మీద నాకు భరోస ఉన్నది," అంటూ డాక్టర్ సాబ్ పేజీ తిప్పకుండానే సంతకం పెట్టారు. కాపీ అయిపోయింది కదా అని పాత రిజిస్టర్ చించి పొట్లాలు కట్టాను. మా దగ్గర అదే అలవాటు.

కోత ఇంకా సాగుతుండగానే జవాబొచ్చింది. నీళ్ల దోషం కనిపించలేదు, పంపు అవసరం లేదు. అంత పెద్ద చదువులు చదివినవాళ్లలో ఒక్కడైనా కాలువ గట్టు దాకా వచ్చి చూశాడా? ఈ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆ కోపం వెనక దాక్కునే హక్కు నాకు లేదు. ఆ రోజు డాక్టర్ సాబ్ ఉత్తరం రెండుసార్లు చదివి నా వైపు చూశారు.

"రాసినయన్ని పంపినవు గద?"

"పంపిన సాబ్."

ఆయన తల ఊపారు. తప్పు తన లెక్కదేననుకున్నారు. ఆ తర్వాత నీళ్ల మాట ఎవరినీ అడగలేదు. ఆ కోత ముగిసేలోపే గుడిసెల నుంచి కామెర్లతో పోయిన ఇద్దరిని గట్టు మీదుగా మోసుకుపోయారు. అందులో ఒకామె, పక్కామె మగని పేరు నాకు చెప్పిన మనిషి.

తర్వాత ఆయన దవాఖానా మూసి నిజామాబాద్ వెళ్లిపోయారు. పదేళ్లు దాటాక ఉత్తరంలో అంతా ఒప్పుకున్నాను. వారానికి కార్డు వచ్చింది:

"నర్సయ్యా, సదువకుంట సంతకం పెట్టిన తప్పు నాది. గుడిసెలోళ్లను ఇడిసిపెట్టినందుకు నీ మీద కోపం లేదు. గని నేను అడిగిన్నాడు ఎందుకు చెప్పకపోతివి? సైకిళ్లు తీసుకొని మల్ల పోదుము గద. గుడిసెలు అప్పటికి ఆడ్నే ఉండె."