మంచి పని చేసినావ్ అమ్మణ్ణీ

మా మేనమామ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున బడిలో తొమ్మిదో తరగతికి హాజరు వేస్తుంటే అత్త ఫోన్ చేసింది. "అమ్మణ్ణీ, మీ మామ లేడు. టీ ఇచ్చి లోపలికి పొయ్యొచ్చి చూస్తే కుర్చీలోనే పోయినాడు" అంది. హాజరు పట్టీలో అప్పటికి సగం పేర్లే పిలిచాను. మిగతా సగం మంది ఆరోజు వచ్చారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మామది జువ్వలదిన్నె పడవల రేవు దగ్గర రేకుల షెడ్డు. జీవితమంతా పడవ ఇంజన్లు బాగుచేశాడు. మోకాళ్ళు పట్టేసి పడవ ఎక్కలేని రోజు వచ్చాక ఊరికే కూర్చోలేక లాప్‌టాప్‌ల మీద పడ్డాడు. ఎవరూ నేర్పలేదు. జనం పారేసినవి తెచ్చి విప్పాడు, కూర్చాడు, చెడగొట్టాడు, మళ్ళీ విప్పాడు. "డీజిలు తాగేదైనా, కరెంటు తాగేదైనా, తిరిగేది ఏదైనా మాట్లాడతాది అమ్మణ్ణీ. మనం వినాల, అంతే" అనేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకోవడం ఆయనకు పడవల దగ్గర అబ్బిన అలవాటు. లాప్‌టాప్‌కూ అదే వైద్యం. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. అదే మనుషులు వారం తిరక్కుండా తమ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు.

విప్పిన స్క్రూలను టీ సాసరులో విప్పిన వరుసలోనే పెట్టేవాడు. "స్క్రూ మిగిలిందంటే పని మిగిలినట్టే" అనేది ఆయన మాట. ఇంకో మాట, వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అనేది: "ముందు కాపీ, తర్వాత రిపేరు." గిరాకీ వచ్చి కూర్చోకముందే అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. లోపల దాచుకున్నవాటికి ఇంకోచోట కాపీ లేదంటే పని మొదలుపెట్టేవాడు కాదు.

నాలుగేళ్ళ కిందటి నా లాప్‌టాప్ కథ చెప్పాలి. మా ఇంటికి సముద్రం దగ్గర. ఆ ఉప్పుగాలికి కొత్త గేటు కూడా ఏడాదికే తుప్పు పడుతుంది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని ఎవరో చెప్పగా విన్నాను. తడవకముందే పెడితే ఇంకా మంచిది కదా అనుకున్నాను. రోజూ పనైపోగానే లాప్‌టాప్‌ను బియ్యం డబ్బాలో దాచేదాన్ని. తెలుగు పంతులమ్మ తెలివి అంతవరకే. కొన్నాళ్ళకు అది గురక పెట్టడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోయేది. లేపితే ఒక పట్టాన లేచేది కాదు.

మామ దాన్ని విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, అత్తను కేకేశాడు.

"ఏమే, ఇట్రా! మన కోడలు లాప్‌టాప్‌కి మొలగొలుకుల బియ్యం మేపతా ఉండాది!"

ఫ్యాను నిండా తవుడు. రెక్కల మధ్య ఒక బియ్యపు గింజ కూడా ఉంది. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ముఖం ముడుచుకున్నాను. మామ పెయింటు కుంచెతో తవుడంతా ఊడ్చి, మళ్ళీ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు.

"ఊదినట్టు ఉండే మోత ఫ్యానుది. ఆ మోత పోయింది. ఆగి ఆగి గొణిగేది హార్డ్ డిస్కు. నువ్వు రాయకుండా ఆలోచిస్తా కూర్చుంటావే, అప్పుడు ఇది తిరగడం ఆపి పడుకుంటాది. నువ్వు మీట నొక్కితే మళ్ళా మొదట్నుంచి తిరగాల. అందుకే ఆలస్యం. దీనికి జబ్బేం లేదు, బద్ధకం."

సెట్టింగుల్లో ఏదో మార్చాడు. "పడుకోమాక అని చెప్పినా" అన్నాడు. ఆ రోజు నుంచి లాప్‌టాప్ పిలిస్తే పలికింది. బియ్యం డబ్బాలో బియ్యం మాత్రమే ఉంది.

ఆ లాప్‌టాప్‌లో మా అమ్మ గొంతు ఉండేది. అమ్మ అంటే మామకు అక్క. పోయే ముందు ఏడాది, చిన్నప్పుడు బకింగ్‌హాం కాలవ మీద కట్టెల పడవల్లో తిరిగిన కబుర్లు చెబుతుంటే ఫోనులో రికార్డు చేశాను. ఫోనులో చోటు చాలక లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోంచి తీసేశాను. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు.

పోయిన వేసవిలో హార్డ్ డిస్కు కొత్త చప్పుడు మొదలుపెట్టింది. ఈసారి గొణుగుడు కాదు, టక్కు టక్కుమని కొట్టుకోవడం. నిద్రలేవడానికి నేను టీ పెట్టుకుని తాగేంత సేపు పట్టేది. మామ దగ్గరికి పరుగెత్తాను. ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"బాగానే ఉండాదే. కాపీ తీసినావా?"

"ఇంకా లేదు మామా."

"మంచి పని చేసినావ్ అమ్మణ్ణీ" అని తల ఊపాడు.

మనలో ఈ మాట ఎప్పుడంటారో మీకు తెలుసు. ఎదుటివాళ్ళు చెడ్డ పని చేసినప్పుడే అంటాం. నాకు చురుక్కుమంది. అంత ఎత్తిపొడుపు అక్కర్లేదనుకుని, లాప్‌టాప్ మూసి వచ్చేశాను. నోరు పెద్దదే గాని, రోషం నాకు నోటికన్నా పెద్దది. కాపీ కూడా తీయలేదు. బాగానే ఉందన్నాడు కదా.

పది రోజులకు డిస్కు ఆగిపోయింది.

షెడ్డుకి వెళ్ళి అరిచాను. చుట్టూ వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి చూశారు. "అది అంతలా కొట్టుకుంటుంటే బాగుండాదంటావా? చెవుడా మామా నీకు?" అన్నాను. కోపం వస్తే ఎవరినైనా అనే మాటే అది. రోజుకు పదిసార్లు పిల్లల్ని అంటాను. మామ నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. లాప్‌టాప్ తీసుకుని, డిస్కు ఊడదీసి, గుడ్డలో చుట్టాడు. మర్నాడు పొద్దున చెన్నై బస్సెక్కాడని అత్త చెప్పింది. ఆగిపోయిన డిస్కులోంచి ఉన్నవాటిని బయటికి తీసేవాళ్ళు అక్కడున్నారట. ఆ మోకాళ్ళతో మూడుసార్లు వెళ్ళొచ్చాడు.

ఇప్పుడు ఆయన పోయిన మూడో రోజు సాయంత్రం, చుట్టాలు పలచబడ్డాక, అత్త నా పక్కన వచ్చి కూర్చుంది.

"నీకొకటి చెప్పాల. మీ మామకి రెండేళ్ళుగా చెవులు వినపడవు. ఆ ఇంజన్ల మోతకే పోయినాయి అన్నాడు డాక్టరు. ముందు ఒకటి, తర్వాత రెండోది. మిషను పెట్టుకోమంటే వద్దన్నాడు. చెవుల్లేని మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు అన్నాడు. మూతి కదిలేది చూసి జవాబు చెప్పేవాడు. చాలాసార్లు సరిపొయ్యేది. అమ్మణ్ణికి మాత్రం చెప్పమాక అన్నాడు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"నువ్వు నవ్వతావని కాదులే. ఏడస్తావని."

అప్పుడు తెలిసింది నాకు. "ఇంకా లేదు" అన్న నా మాటను మామ "తీసినా" అనుకున్నాడు. మంచి పని చేశానని మనసారా మెచ్చుకున్నాడు. ఆ మాటలో ముల్లే లేదు. ముల్లు నేను పెట్టుకున్నాను. దానికి బదులుగా, ఊరందరి ముందూ, ఆయన దాచుకున్న ఒకే ఒక్క సంగతిని తిట్టుగా వాడాను. క్షమించమని అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నప్పుడు అడిగి ఉంటే, నా మూతి చూసి అర్థం చేసుకునేవాడు. ఒక్కసారి ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాలని ఉంది. ఎంతగా ఉందో రాయడం నాకు చేతకావడం లేదు.

చెన్నై నుంచి మూడోసారి వచ్చిన రోజు నన్ను షెడ్డుకి పిలిపించాడు. అన్నింటిలోకీ ఒక్క రికార్డింగు దొరికింది. కొత్త డిస్కులో ఎక్కించి పెట్టాడు. నేను మీట నొక్కాను. అమ్మ గొంతు వచ్చింది. ఆ కబురు మామ గురించే. అయిదేళ్ళ వయసులో పడవ అడుగు చెక్కకు చెవి ఆనించి పడుకుని, "అక్కా, చేపలు మాట్లాడతా ఉండాయి" అన్నాడట. "ఏమంటా ఉండాయిరా అని అడిగితే, నువ్వు నోరు మూసుకుంటే వినపడతాదని చెప్పినాడు మే" అని అమ్మ పగలబడి నవ్వింది.

ఆ కబురు నడుస్తున్నంతసేపూ మామ తన అరచేతిని లాప్‌టాప్ స్పీకరు మీద ఆనించి ఉంచాడు. అమ్మ గొంతు అణిగిపోతోంది. నాకు ఇంకా కోపం తగ్గలేదు. "చెయ్యి తియ్ మామా, సరిగ్గా వినపడటంలా" అని విసుక్కున్నాను. నా మూతి వైపు చూసి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అమ్మ మాట్లాడినంతసేపూ నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. నేను నవ్వినప్పుడు నవ్వాడు.