మూడు కత్తెరల మొక్కు

ఇప్పుడంటే అమ్మాయిలు పొద్దున జుట్టు కత్తిరించుకుని సాయంత్రం దానికి రంగేయించుకొచ్చినా ఇంట్లో ఎవరూ టీవీ మీంచి చూపు తిప్పరు. తొంభైల చివర్లో మా సత్తెనపల్లిలో అలా కాదు. ఆడపిల్ల జడ ఆ పిల్లది కాదు, వంశానిది. మా మిరప చేను నాన్న పేరున ఉన్నట్టే నా జడ నాయనమ్మ పేరున ఉండేది. మోకాళ్ల దాకా వేలాడేది (సరే, నడుము కిందికి). గుంటూరు కాలేజీకి వెళ్లే ఏడు గంటల బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టకపోవడం కేవలం ఆయన మంచితనం. రోజూ నాయనమ్మ నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నూనె పట్టించి, చిక్కు తీసి, గంటసేపు అల్లేది. ఆ గంట వల్ల బస్సు తప్పేది, బస్సుతో పాటు మొదటి క్లాసూ తప్పేది. అలాంటి రోజుల్లో మా క్లాసులో గుంటూరు పిల్ల ఒకతి మెడ దాకా కత్తిరించిన జుట్టు ఎగరేసుకుంటూ వచ్చింది. నా గుండెల్లో విప్లవం పుట్టింది.

"నాన్నా, నేనూ కత్తిరించుకుంటా" అన్నాను. నాన్న ముద్ద కంచంలో పెట్టేసి, "ముందు నా తల తీసెయ్యి, ఆనక నీ జుట్టు తీద్దూగాని" అన్నాడు.

అప్పుడు తట్టింది ఉపాయం. ఆడవాళ్లు గుండుకు బదులు దేవుడికి మూడు కత్తెరలు ఇస్తారు కదా! జడ కొసన కత్తెర మూడుసార్లు ఆడిస్తే మొక్కు తీరినట్టే. కొసనే ఆడించాలని ఏ శాస్త్రంలో ఉంది? లెక్కలు పాసైతే మూడు కత్తెరలిస్తానని మొక్కుకున్నట్టు ఇంట్లో ప్రకటించాను. (పాసయ్యాను. దేవుడు అంత తొందరగా కుట్రలో చేరతాడనుకోలేదు.) మొక్కు అనేసరికి నాన్న నోరు మూతపడింది. నాయనమ్మే నన్ను కొండకి తీసుకెళ్లింది.

కల్యాణకట్టలో కత్తెర పట్టుకున్న పెద్దాయన జడ కొస అందుకోబోతే, నేను మెడ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడండీ" అన్నాను.

"అక్కడేంటమ్మా?"

"అక్కడే మొక్కుకున్నా."

ఆయన నాయనమ్మ వంక చూశాడు. నాయనమ్మ నా వంక చూసింది. ఆ చూపుకి అక్కడ గుంటూరు మిర్చి యార్డులో బస్తాలన్నీ ఒక్కసారి తుమ్మి ఉంటాయి. "ఓసి నీ తెలివి తెల్లారా! మొక్కన్నాక తప్పుతుందా, కానియ్యండి" అంది.

ఒకటి. రెండు. మూడు. జడ తెగలేదు! పదిహేనేళ్ల కొబ్బరినూనె తాగిన జడ, కత్తెరే జారిపోయింది. సగం తెగి, సగం మెడకి వేలాడుతోంది. "మూడైపోయినయ్యమ్మా, నాలుగోది మొక్కులో లేదు" అని ఆయన కత్తెర కింద పెట్టేశాడు. అటు జడా కాదు, ఇటు బాబ్‌కట్టూ కాదు. ఈ తలతో రేపు బస్సెక్కేదెలా? బావురుమన్నాను.

నాయనమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఆ కత్తెరిటియ్యవయ్యా. దాని మొక్కు మూడే. నాలుగోది నాది."

"మీదేం మొక్కండీ?"

"దాని వయసులో మొక్కుకున్నా. మా అమ్మ తీర్చనియ్యలా" అంటూ ఒక్క కోత కోసేసింది.

తిరుగు బస్సులో నాయనమ్మ నా మెడ వెనక చెయ్యేసి తడిమి చూసింది. ఆనక నెమ్మదిగా, "తేలిగ్గా ఉందటే?" అంది.

"ఉంది నాయనమ్మా."

"ఎంత తేలిగ్గా?"

కిటికీ అద్దంలో నా మెడ నాకే కొత్తగా, ఈకలు పీకిన కోడిమెడలా కనిపిస్తోంది. దాన్ని చూసుకుని మహారాణిలా మురిసిపోతూ ఉండిపోయాను, జవాబు చెప్పడం మరిచిపోయాను, పొగరుబోతు పిల్లని.