చెమట కోసం ఎదురుచూశాం

బర్మాలో, మా యాంగోన్ వీధుల్లోకి సైన్యం వచ్చి అప్పటికి రెండు నెలలు. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం భోజనానికి పబేడాన్‌లో కొట్టు మూసి తామ్వేలోని ఇంటికి వచ్చేసరికి, మా అబ్బాయి సింహాద్రి స్నానాల గదిలో గచ్చు మీద బోర్లా పడుకొని ఉన్నాడు. వాడికి రెండున్నరేళ్ళు. ఒంటి మీద బట్టల్లేవు. చెంప గచ్చుకి ఆనించి, రెండు చేతులతో నీళ్ళ తొట్టిని పట్టుకున్నాడు. ఆడుకుంటున్నాడనుకొని నవ్వాను కూడా. ఎత్తుకుంటే పెనం ముట్టుకున్నట్టయింది. థర్మామీటరు నూట మూడు చూపించింది. సాయంత్రానికి దానంతట అదే దిగింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది.

నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. మా తాత కూలికి ఈ దేశం వచ్చి బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోశాడు. మూడు తరాలకి మేం సాధించిన ఘనకార్యం ఇంట్లో ఒక ఏసీ. కరెంటు సరిగా ఉన్నన్నాళ్ళూ పిల్లాడు దాని కిందే పెరిగాడు. అప్పుడప్పుడు ఒళ్ళు కాలితే పళ్ళొచ్చే జ్వరమని తేల్చేశాం. ఆ ఏడాది కరెంటు రోజుకి నాలుగైదు గంటలు పోయేది. వీధిలో కాల్పులని కిటికీలు కూడా మూసుకొని కూర్చునేవాళ్ళం.

జ్వరం అనే మాట పైకి అనడానికి భయం. కరోనా అంటారు, బిడ్డను మా దగ్గర ఉంచరు. పెద్దాస్పత్రి డాక్టర్లు సైన్యం కింద పనిచెయ్యం అని బయటికి వచ్చేశారు. నెట్ లేదు. ఎవరినీ ఇంట్లోకి రానివ్వకుండా, మేమూ బయటికి పోకుండా నాలుగు రోజులు గడిపాం.

నాలుగోరోజు మా అమ్మ, "కంబలి తెచ్చీరా. కప్పితే సెమట పడతాది. సెమట పట్టిందంటే జొరం దిగిపోయినట్టే," అంది. చిన్నప్పుడు నాకూ అలాగే చేసింది. కంబళి తెచ్చింది నేనే. మెడదాకా చుట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాను.

"పట్టిందేటిరా?"

"ఇంకా లేదమ్మా."

"ఉండు, పడతాది."

గంటసేపు అలా కూర్చున్నాం. వాడు ఏడవడం మానేస్తే నిద్రపట్టిందనుకున్నాం. తర్వాత కళ్ళు పైకి తేలిపోయాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

టాక్సీ లేదు. వాణ్ణి భుజాన వేసుకొని పరుగెత్తాను. నా భార్య రత్నం వెనకాలే వచ్చింది. రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. ఒక సందులో చిన్న ధర్మ క్లినిక్ తెరిచి ఉంది. సమ్మెలో ఉన్న డాక్టరమ్మ ఒకావిడ అక్కడ చూస్తోంది. ఇక్కడ డాక్టరమ్మను సయామ అంటాం. ఆవిడ ఒక్క మాటైనా అడగకుండా బిడ్డను కుళాయి కింద పెట్టింది. తడిబట్ట చుట్టి, అట్టముక్క నా చేతికిచ్చి, "విసురు," అంది. నూట ఆరు దగ్గర ఉన్న జ్వరం అరగంటలో నూట ఒకటికి వచ్చింది. ఫిట్స్ ఆగాయి. సూది వెయ్యలేదు.

"ఇన్‌ఫెక్షన్ అయితే నీళ్ళకి ఇంత తొందరగా దిగదు," అంటూ సయామ పిల్లాడి నోరు తెరిచి చూసింది. రెండే పళ్ళు, రెండూ మొనదేలి ఉన్నాయి. తల మీద జొన్నపొత్తు పీచులాంటి జుట్టు. పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు బాకీ ఉంది, అది తీరితే ఒత్తుగా వస్తుందని మా అమ్మ నమ్మకం. అందుకే జుట్టు సంగతి మేం ఏ డాక్టరుకీ చెప్పలేదు.

"వీడికి చెమట పట్టడం ఎప్పుడైనా చూశారా?"

రత్నం మొహం పాలిపోయింది. తన బిడ్డకి చెమటే పట్టదని, చొక్కా ఎప్పుడూ కంపు కొట్టదని పేటంతా తిరిగి చెప్పుకునేది తనే.

సయామ వాడి అరచేతికీ నా అరచేతికీ అయోడిన్ రాసి పిండి చల్లింది. నా చెయ్యి చెమటకి చూస్తుండగానే నల్లబడింది. వాడిది పసుపుగానే ఉండిపోయింది. "హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా," అంది. "స్వెట్ గ్లాండ్స్ దాదాపు లేవు. పుట్టుకతోనే లేవు. జ్వరం కాదిది, ఒంట్లో వేడి బయటికి పోవట్లేదు. మందు లేదు. కూలింగ్ ఒక్కటే."

బయటి దేశాల్లో దీనికి నీళ్ళు తిరిగే కూలింగ్ వెస్ట్ ఉంటుందట. విమానాలు లేవు, ఎవరు తెస్తారు? తడిచొక్కా వేసి విసిరితే ఎండాకాలం గడిచింది. వానలు పడ్డాక గాలిలోనే తేమ, చొక్కా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. రెండుసార్లు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. ఇంకోసారి వస్తే మెదడు దెబ్బతినవచ్చని సయామ చెప్పింది. ఊళ్ళో సగంమంది ఇళ్ళు చల్లబరిచినవాణ్ణి, నా బిడ్డను చల్లబరచలేకపోతే బతికి ఎందుకని ఏడ్చాను.

ఏడుపు అయ్యాక పనిలోకి దిగాను. వేడిని ఒక నీటి నుంచి ఇంకో నీటికి అప్పగించే గొట్టాన్ని మా పనిలో హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటాం. నలభై అడుగుల సన్న రాగి గొట్టం చుట్టి ఐసుపెట్టెలో దించాను. చేపల తొట్టి పంపు పెట్టి, మోటార్‌సైకిల్ బ్యాటరీతో నడిపాను. రత్నం సెలైన్ ట్యూబులు వంకర్లుగా తిప్పి బనీనుకు కుట్టింది. ఐసులో ఉప్పు కూడా పోశాను. నీళ్ళు మూడు డిగ్రీల్లో వచ్చాయి. నా జన్మలో అంత మంచి చుట్ట చుట్టలేదని మురిసిపోయాను.

తొడిగాం. ఒళ్ళు చల్లగా అయింది. చంకలో థర్మామీటరు తొంభై ఆరు. కానీ వాడు వణుకుతున్నాడు, పెదాలు నీలంగా మారాయి, పిలిస్తే పలకడం లేదు.

"మావా, ఇప్పీ. ఇది సల్లదనం కాదు, ఇప్పీ," అని రత్నం ట్యూబులు పీకేసింది.

సయామకు ఫోను చేశాను. "చంకలో కాదు, రెక్టల్ చూడు, మలద్వారంలో," అంది. నూట నాలుగు. "చర్మం మరీ చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాసోకన్‌స్ట్రిక్షన్. వేడి లోపలే ఉండిపోతుంది, వణుకు ఇంకా వేడి పుట్టిస్తుంది. నువ్వు మళ్ళీ కంబళే కప్పావు అప్పన్నా, ఈసారి చల్లటిది."

ఆ పూటకి మామూలు నీళ్ళతో తుడిచి, విసిరి దించాం గానీ, ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు చాలంది. నా పనిలో ఎంత చల్లగా ఉంటే అంత పేరు. మొదటిసారి చేతకానివాడిలా పనిచెయ్యాల్సి వచ్చింది. చుట్టను పన్నెండు అడుగులకి కోశాను. ఐసులో కాకుండా మామూలు నీళ్ళలో ముంచి, ఆ నీళ్ళలో గడ్డకట్టిన సీసా ఒక్కటే వేశాను. నీళ్ళు తొందరగా తిరిగేలా లావు ట్యూబులు మార్చాను. మూడు రోజులు నా పొట్టకే చుట్టుకొని చూశాను. ఆ తర్వాతే, ఒళ్ళు మళ్ళీ కాలిన రోజు, సయామ ఎదుట, పిల్లాడికి తొడిగాం. గంటకి నూట రెండు. రెండో గంటకి తొంభై తొమ్మిది. వాడు లేచి అన్నం అడిగాడు. సయామ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ చూపించడానికి తీసుకెళ్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. పెట్టె, వైర్లు, బ్యాటరీ. తుపాకులు లేచాయి. బాంబనుకున్నారు. రత్నం నెమ్మదిగా బనీను ఎత్తి చూపించింది. ఒక సిపాయి ట్యూబు మీద వేలు పెట్టి చూసి, పొమ్మని తల ఊపాడు. ఇంటికొచ్చాక పెట్టె మూత కోసేసి, లోపలంతా కనిపించే ప్లాస్టిక్ బిగించాను.

ఇప్పుడు సింహాద్రి బడికి వెళ్తున్నాడు. పెట్టుడు పళ్ళు వచ్చాయి. కరెంటు ఇంకా పోతూనే ఉంది. ఐసు దొరకని రోజు నాకు చేతులాడవు. మా అమ్మ పన్నెండయ్యేసరికి బడి గుమ్మం దగ్గర తడిచొక్కాతో నిలబడుతుంది. ఒక్కరోజూ మానలేదు. కంబళి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మొన్న చిల్లిపడ్డ రాగి చుట్టకు మాటు వేస్తుంటే వాడు దగ్గరికొచ్చి, "నానా, నీకు సెమట పట్టీసింది," అన్నాడు. నా నుదురు తుడిచి, ఆ తడి తన నుదుటికి రాసుకున్నాడు. నాకు పని సాగలేదు.

మీకు చెప్పేది ఒకటే. ఒళ్ళు కాలుతున్న బిడ్డను కప్పి చెమట కోసం ఎదురుచూడకండి. కప్పింది తీసేసి మెడ వెనక చెయ్యి పెట్టండి. ఎప్పుడూ తడి తగలకపోతే, డాక్టరుకు ముందు ఆ మాటే చెప్పండి. మేం దాన్ని రెండున్నరేళ్ళు పేటంతా గొప్పగా చెప్పుకున్నాం, డాక్టరుకు తప్ప.